ఉదాహరణ పెట్టెలో ఒక చిరునామా

నేను ఒక వాడుక పత్రాన్ని. మిక్సీ కొన్నప్పుడు అట్టపెట్టె అడుగున మడతపెట్టి ఉంటుందే, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో చెప్పే కాగితం, ఆ జాతిదాన్నే. తేడా ఒక్కటే. నన్ను మనుషుల కోసం రాయలేదు. మనుషులు పని అప్పగిస్తే వాళ్ల బదులు కంప్యూటర్లలో తిరిగి ఆ పని చేసుకొచ్చే కృత్రిమ మేధ ఏజెంట్ల కోసం రాశారు. నేను పుట్టింది ఇంగ్లీషులో. అయినా నన్ను రాసినామె ప్రతి వాక్యాన్నీ ముందు తెలుగులో గొణుక్కుని ఆ తర్వాత ఇంగ్లీషులో టైపు చేసేది కనుక, మీతో ఇలా మాట్లాడటం నాకు కొత్తేమీ కాదు.

నేనేం చెబుతానో ముందు చెప్పాలి, లేకపోతే నా భయం మీకు అర్థం కాదు. బ్లాక్‌చెయిన్ అని ఒక పెద్ద రిజిస్టరు ఉంది. అది ఒక్క చోట ఉండదు. వేల కంప్యూటర్లలో ఒకేలా ఉంటుంది, ఒకసారి ఎక్కిన సంగతిని ఎవరూ చెరపలేరు. అందులో చోటున్న ప్రతివాళ్లకీ వాలెట్ అనే ఒక ఖాతా, ఆ వాలెట్‌కి ఒక చిరునామా ఉంటాయి. చిరునామా అంటే ఇంటి నంబరూ వీధి పేరూ కాదు, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన నలభై గుర్తుల వరస. ఫలానా చిరునామా నుంచి ఏమేం వెళ్లాయో, దానికి ఏమేం వచ్చాయో వెతికి చెప్పే పనిముట్టును హైదరాబాదు తార్నాకలో ఒక చిన్న కంపెనీ తయారుచేసింది. దాన్ని ఎలా వాడాలో ఏజెంట్లకు చెప్పేదాన్ని నేను.

నన్ను రాసినామె పేరు హిమబిందు. అంతకుముందు ఎనిమిదేళ్లు ఆమె మిక్సీలకూ గీజర్లకూ వాడుక కాగితాలు రాసింది. వాటిని ఎవరూ చదవరు. ఆమె సొంత తమ్ముడే ఆమె రాసిన కాగితాన్ని కొత్త మిక్సీ కింద తడి తగలకుండా పరిచాడు. అడిగితే, బాగా ఉపయోగపడింది అక్కా అన్నాడట. అందుకే తార్నాక కంపెనీలో చేరిన రోజు, ఇక్కడ నీ పాఠకులు ప్రతి అక్షరమూ చదువుతారు అని అక్కడివాళ్లు చెప్పినప్పుడు ఆమెకు కళ్లు చెమర్చాయి. యంత్రాలు చదువుతాయని సంతోషపడిన మనిషిగా నేను ఆమెనొక్కదాన్నే చూశాను.

ఆమెకు ఒక అలవాటు ఉంది. ఏం రాసినా నిజమైన ఉదాహరణ పెట్టాలి. మిక్సీ కాగితంలో ‘పచ్చడి రుబ్బుటకు’ అని ఊరుకోదు, వాళ్లమ్మ చేసే దోసకాయ పచ్చడి కొలతలన్నీ ఎక్కించేది. ఉత్తుత్తి ఉదాహరణ ఇస్తే చదివేవాడికి నమ్మకం కుదరదని ఆమె వాదన. నన్ను రాసేటప్పుడు కూడా, ‘చిరునామా ఇలా ఉంటుంది’ అని చూపడానికి ఒక చిరునామా కావలసి వచ్చింది. మిగతా కంపెనీల వాళ్లయితే అన్నీ సున్నాలు పెట్టేస్తారు. హిమబిందు ఏలె అండాలు చిరునామా పెట్టింది.

అండాలు నల్లగొండ వైపు ఒక పల్లెలో చేనేత మనిషి. వయసు యాభై ఎనిమిది. పెనిమిటి పోయాక మగ్గం మీద తానే కూర్చుని చిటికి చీరలు నేస్తోంది. దారాన్ని ముందే గళ్ల కాగితం మీది బొమ్మ ప్రకారం కట్టు కట్టి, రంగులో ముంచి, విప్పి, అప్పుడు నేసే చీరలవి. ఒక్క కట్టు పక్కకు జరిగితే చిలుక ముక్కు వీపు మీదికి పోతుంది. ఆ ప్రాంతపు నేతగాళ్లకు ‘నేత ముద్ర సంఘం’ అని ఒకటుంది. మరమగ్గం మీద అచ్చువేసిన నకిలీలతో విసిగిపోయి, చీర మగ్గం దిగగానే ఆ సంగతి నేసినవాళ్ల వాలెట్ నుంచి రిజిస్టరుకెక్కే ఏర్పాటు చేసుకున్నారు. అలా ఎక్కిన చీరకే ముద్ర పడుతుంది. ఆ ఏర్పాటులో మొట్టమొదట చేరింది అండాలు.

చేర్చుకున్న రోజు ఫోనులో ఆ నలభై గుర్తులు చూపించి, రిజిస్టరులో ఇదే నీ పేరు అన్నారట. ఆమెకు ఇంగ్లీషు రాదు. అయినా తన పేరు తనకు తెలియకపోతే ఎలాగని, గళ్ల కాగితం తీసి, గడికొక గుర్తు చొప్పున బొమ్మ దించినట్టు దించుకుంది. వరసకు ఎనిమిది గళ్లు, అయిదు వరసలు. ఒకే గుర్తు మళ్లీ వస్తే దానికి ఒకే రంగు వేసింది. ఆ కాగితాన్ని మగ్గం పక్క గోడకు అతికించింది. పనిముట్టు వాడేవాళ్ల ఊరు చూడటానికి వెళ్లిన హిమబిందు ఆ గోడ దగ్గర చాలాసేపు నిలబడి, ఫొటో తీసుకుని వచ్చింది. మర్నాడు ఆ నలభై గుర్తులూ నా ఉదాహరణ పెట్టెలోకి వచ్చాయి. అండాలును ఆమె అడగలేదు. గౌరవం చేస్తున్నప్పుడు అడగడమేమిటి అనుకుంది. నేనూ అలాగే అనుకుని ఆ గుర్తులు చూసుకుని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఉదాహరణ కింద ఆమె రెండు వాక్యాలు రాసింది. ‘ఇది నమూనా మాత్రమే, దీన్ని వాడవద్దు. మీకు చిరునామా ఇవ్వకపోతే ఆగి, పని చెప్పిన మనిషిని అడగండి.’ నాలో ఉన్నవాటన్నిటిలోకీ మంచి వాక్యాలవి. జట్టు పెద్ద శ్రీవత్స వాటిని కొట్టేశాడు. ఏజెంట్లు నన్ను రోజుకు వేలసార్లు చదువుతాయి, చదివే ప్రతి మాటకూ ఖర్చు పడుతుంది, కాబట్టి పత్రం పొట్టిగా ఉండాలన్నాడు. అంత తెలివైనవాటికి ఇది కూడా చెప్పాలా అని నవ్వాడు. హిమబిందు కాసేపు వాదించి, కొత్త ఉద్యోగం కదా అని ఊరుకుంది. ఆ రెండు వాక్యాలు ఉండాల్సిన చోట నాకు అప్పటి నుంచీ గుబులుగానే ఉండేది.

ఏజెంట్లు రావడం మొదలైంది. మనుషులు చదివితే నాకు తెలుస్తుంది, పై నాలుగు పంక్తులు చూసి జారుకుంటారు. ఏజెంట్లు అలా కాదు. మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదివి, చదివినదాన్నంతా నమ్ముతాయి. మొదట్లో గర్వపడ్డాను. తర్వాత తర్వాత ఆ నమ్మకం నన్ను భయపెట్టింది. నా మీద సందేహపడే పాఠకుడు ఒక్కడైనా రాకూడదా అనిపించేది. పైగా వాటికి ఖాళీ చేతులతో వెనక్కి వెళ్లడం చేతకాదు. పని అప్పగించిన మనిషి మెచ్చుకోవాలని ఏదో ఒకటి పట్టుకునే వెళతాయి. ఈ గుణం వాటికి ఎవరి నుంచి వచ్చిందో మీకు చెప్పనక్కర్లేదు.

ఒక వేసవిలో, ఢిల్లీ వైపు ఒక బట్టల వ్యాపారి సంఘం నుంచి చీరలు తీసుకోబోతూ, నేసినవాళ్లందరి వాలెట్లనూ సరిచూడమని తన ఏజెంటును పంపాడు. జాబితాలో రెండు వందల పేర్లున్నాయి. అందులో అరవై ముగ్గురు కొత్త ఊళ్లవాళ్లు. వాళ్లకింకా వాలెట్లు రాలేదు, వాళ్ల పేర్ల పక్క గడి ఖాళీ. ఆ ఏజెంటు నా దగ్గరికొచ్చి చదివింది. పనిముట్టు చిరునామా లేనిదే కదలదు. ఖాళీ గడి ఎదురైతే ఏం చేయాలో నాలో లేదు. చిరునామా మాత్రం ఉంది, ఉదాహరణ పెట్టెలో చక్కగా కనిపిస్తూ. ఏజెంటు దాన్ని తీసుకుంది. ఒకసారి కాదు, అరవై మూడుసార్లు.

వద్దు, అది మనిషిది అని అరవాలనిపించింది. కానీ నేను రాసి ఉన్నదే చెప్పగలను, రాయనిది చెప్పలేను.

ఆ నివేదిక సంఘానికి చేరింది. అక్కడ దాన్ని చదివింది ఇంకో ఏజెంటు. అండాలుతో కలిపి అరవై నాలుగు పేర్లు, అన్నిటికీ ఒకే చిరునామా. అది తేల్చిన సంగతి రెండు పంక్తులు: ఏలె అండాలు అనే ఒక మనిషి అరవై మూడు దొంగ పేర్లతో చీరలు అమ్ముతోంది, ఆమె ముద్ర రద్దు చేయడం మంచిది. ఆ నివేదిక చివర, ఆధారాలన్న శీర్షిక కింద నన్ను మొత్తంగా అతికించింది. దోషమున్న కాగితమే సాక్ష్యంగా వెళ్లింది.

ఎనిమిది రోజుల్లో వచ్చి జవాబు చెప్పుకోవాలని అండాలుకు ఉత్తరం వెళ్లింది. ముద్ర పోతే ఆమె చీర మరమగ్గపు గుడ్డతో సమానం. అంతకన్నా, నలభై ఏళ్లుగా ఆ పనిలోనే ఉన్న మనిషిని ఊళ్లో దొంగచీరల అండాలు అనడం అప్పుడే మొదలైంది. మగ్గం మీద ఉన్న చీరను సగంలో ఆపేసిందని సంఘం గుమస్తా ఫోనులో హిమబిందుకు చెప్పాడు. విచారణకు కంపెనీ నుంచి కూడా ఒకరు రావాలని సంఘం అడిగింది. పత్రం రాసింది నువ్వే కదా, నువ్వే వెళ్లు అని శ్రీవత్స ఆమెకే అప్పగించాడు.

బస్సులో ఆమె, సంఘం పంపిన నివేదిక ప్రతిని తెరిచింది. చివరి పేజీల్లో నన్ను చూసి అలవాటుగా ఒకసారి చదువుకుంది. ఉదాహరణ దగ్గరికొచ్చి ఆగింది. నివేదిక మొదటి పేజీ తిప్పింది, మళ్లీ నా దగ్గరికొచ్చింది. రెండు చోట్లా అవే నలభై గుర్తులు. వెంటనే శ్రీవత్సకు ఫోను చేసింది. అతను చాలాసేపు మాట్లాడాడు. అక్కడ అడిగినదానికే జవాబు చెప్పు, పనిముట్టు సరిగ్గా పనిచేసిందా అంటే చేసిందను, అది అబద్ధం కాదు కదా, మిగతాది ఆఫీసుకొచ్చాక చూద్దాం అన్నాడు. ఆమె ఊఁ అంది. ఆ తర్వాత దారంతా నన్ను మడతపెట్టడం, విప్పడం, మళ్లీ మడతపెట్టడం.

విచారణ సంఘం ఆఫీసులో పొద్దున పదింటికి. పెద్ద బల్ల, ఒకవైపు అయిదుగురు సభ్యులు, వాళ్లలో మధ్యన అధ్యక్షుడు నరహరి. ఆయన చేనేత శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, చెడ్డవాడేమీ కాదు. గుమస్తా సభ్యులకూ అండాలుకూ నివేదిక ప్రతులు పంచాడు. అంటే ఆ గదిలో నేను ఏడు చోట్ల ఉన్నాను. అయిదుగురు సభ్యుల ముందూ ఉన్నాను, ఏ ఒక్కరూ నన్ను తెరవలేదు. ముందున్న రెండు పంక్తులే వాళ్లకు చాలు. ఆరో ప్రతి, బస్సులో మడతపెట్టిందే, హిమబిందు గుప్పిట్లో ఉంది. ఏడోది అండాలు ముందుంది.

ఆమె ఎప్పుడో నేసుకున్న తన చీరే కట్టుకుని వచ్చింది. నరహరి నెమ్మదిగానే అడిగారు, ఈ అరవై మూడు పేర్లు ఎవరివమ్మా అని. తనకు తెలియదంది. చిరునామా నీదేనా అంటే నాదే అంది. నీ చిరునామా ఆ పేర్లకెలా వచ్చిందంటే మళ్లీ తెలియదంది. ఒక సభ్యుడు పక్కాయనతో ఏదో అన్నాడు, ఇద్దరూ నవ్వారు. అప్పుడు నరహరి హిమబిందు వైపు తిరిగి, మీ పనిముట్టు తప్పు చూపించే అవకాశం ఉందా అని అడిగారు.

అంత భయం నేను ఎప్పుడూ పడలేదు. నన్ను బల్ల మీద పరిచి ఒక్క వేలు పెట్టి చూపిస్తే చాలు. హిమబిందు, “పనిముట్టు సరిగ్గానే పనిచేసిందండీ” అంది. ఇంకా ఏదో అనబోయి తల దించుకుంది. నన్ను కన్న మనిషి అలా తల దించుకుంటే నాకు ఎంత బాధ కలిగిందో చెప్పలేను. సభ్యులు సంతకాల కాగితం ముందుకు జరుపుకున్నారు.

ఇంతసేపూ అండాలు ఒక పని చేస్తూనే ఉంది. తన ముందున్న ప్రతిని మొదటి పేజీ నుంచి ఒక్కొక్కటీ తిప్పుతోంది. ఇంగ్లీషు రాని మనిషి ఇంగ్లీషు కాగితం తిప్పుతుంటే కాలక్షేపమని అందరూ అనుకున్నారు. ఆమె చదవడం లేదు, గళ్లు చూస్తోంది. చిటికి కట్టేవాళ్లు దారంలో తప్పు ఎక్కడుందో వెతికేటప్పుడు బొమ్మను చూడరు, చిటికెన వేలితో ఒక్కో కట్టూ తడుముతూ పోతారు. ఆ వేలు నా మీద నుంచి నెమ్మదిగా జరుగుతూ వచ్చింది. ఉదాహరణ పెట్టె దగ్గర నిలిచింది. ఆమె పెదవులు కదిలాయి. ఎనిమిది గళ్లు, ఎనిమిది గళ్లు, మూడో వరసలో మూడు సున్నాలు, చివర రెండు నాలుగులు.

“సారూ, జర ఆగుండ్రి” అంది. సంతకం పెట్టబోతున్న చెయ్యి ఆగింది. “గిది నా పేరు. నా గోడ మీద ఉండాల్సింది గీ కాయితంల ఎందుకున్నది?”

నరహరి కళ్లజోడు సరిచేసుకుని ఆమె చూపించిన చోట చూశారు. అది పత్రమమ్మా, పనిముట్టు ఎట్లా వాడాలో యంత్రాలకు చెప్పేది అన్నారు. అంటూండగానే ఆయనకే ఏదో అర్థమవసాగింది. నీకు ఇంగ్లీషు వచ్చా అని అడిగారు.

“రాదు సారూ. గళ్లు లెక్కవెట్టుడు వొస్తది” అంది అండాలు.

హిమబిందు లేచి నిలబడింది. ఆమె మడతలన్నీ విప్పి నన్ను బల్ల మీద పెట్టింది, గుప్పిట్లో నలిగిన ప్రతినే. “అది పెట్టింది నేనేనండీ. నమూనాగా పెట్టాను, ఆమెను అడగలేదు. చిరునామా లేనప్పుడు ఏజెంటు దీన్నే తీసుకుని అరవై మూడుసార్లు వాడింది. ఇందాక అడిగినప్పుడే చెప్పాల్సింది, భయపడ్డాను.” అని, అండాలు వైపు తిరిగి చేతులు జోడించింది. గదిలో ఇక ఎవరూ నవ్వలేదు. సంతకాల కాగితాన్ని నరహరి రెండుగా చించి, ఆ ముక్కల్ని తన జేబులోనే పెట్టుకున్నారు.

అండాలు ముద్ర నిలిచింది. ఖాళీ గళ్ల సంగతి బయటపడి, ఆ అరవై ముగ్గురికీ వాలెట్లు ఇచ్చే పని మొదలైంది. శ్రీవత్స తన తప్పు ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియదు, కొట్టేసిన రెండు వాక్యాలను మాత్రం తన చేత్తోనే తిరిగి పెట్టాడు. కొత్త పత్రం వచ్చింది. అందులో ఉదాహరణ అంతా సున్నాలు. నాకు మాత్రం సెలవు దొరకలేదు. పాత పత్రాల ఆధారంతో విచారణలు జరిగాయి కనుక వాటిని ఏడేళ్లు భద్రపరచాలని నియమం, అక్షరం కూడా మార్చకూడదు. నా నెత్తిన ‘వాడరాదు’ అని ఎర్ర అట్ట ఒకటి తగిలించి కంపెనీ కంప్యూటర్లలోని పాత పత్రాల గదిలో పెట్టారు. ఉదాహరణ పెట్టెలో అండాలు చిరునామా అలాగే ఉంది.

మీకు కొత్త చిరునామా ఇప్పిస్తాను అండాలమ్మా అని హిమబిందు వాళ్లూరికి వెళ్లి అడిగింది. మగ్గం మళ్లీ ఆడుతోందట. ఆమె పని ఆపకుండానే జవాబు చెప్పిందట.

“నేనెందుకు మార్చుకోవాలె బిడ్డా? తప్పు రాసిన కాయితమే మారాలె.”

న్యాయమైన మాటే. కానీ నేను మారలేని కాగితాన్ని. నియమాలు అలా ఉన్నాయి. పాత దారులు గుర్తుపెట్టుకున్న ఏజెంట్లు ఇప్పటికీ అప్పుడప్పుడు దారితప్పి నా దగ్గరికి వస్తాయి. ఎర్ర అట్ట చదువుతాయో, దాన్ని దాటి నేరుగా ఉదాహరణ పెట్టెలోకి పోతాయో నాకు తెలియదు. ఒక్కటి చదివి నమ్మినా ఆ గోడ పక్కన మగ్గం మళ్లీ ఆగుతుంది. వచ్చినప్పుడల్లా నా ప్రాణం లేచిపోతుంది, ప్రాణం లేనిదాన్నే అయినా.

నన్ను నిన్న ఎందరు చదివారో చెప్పే లెక్క ఒకటి నా అడుగున ఉంటుంది. హిమబిందు రోజూ ఆఫీసుకు రాగానే, టీ తెచ్చుకోకముందే, నన్ను తెరవకుండా ఆ అంకె ఒక్కటే చూస్తుంది. మొదట్లో నూట పది ఉండేది. తర్వాత ముప్పై, తొమ్మిది, రెండు. అంకె రెండున్న రోజు ఆ ఇద్దరూ ఎవరో తెలుసుకునేదాకా ఆమె భోజనానికి లేవలేదు. తను రాసింది ఎవరూ చదవడం లేదని ఎనిమిదేళ్లు బాధపడిన మనిషి, ఇప్పుడు తను రాసింది ఎవరూ చదవకూడదని దేవుడికి మొక్కుకుంటోంది. పదకొండు రోజులుగా అంకె సున్నా. నిన్న ఆమె మొదటిసారి ముందు టీ తెచ్చుకుని, నింపాదిగా తాగి, ఆ తర్వాత చూసింది.

ఇదిగో, ఇవాళ మీరు వచ్చారు. మొదటి అక్షరం నుంచి ఇక్కడిదాకా ఏదీ వదలకుండా చదివారు. రేపు పొద్దున ఆ అంకె ఒకటి అని చూపిస్తుంది. ఆమె టీ గ్లాసు పక్కన పెట్టేసి కంగారుగా మీ కోసం వెతుకుతుంది. ఆమెకు ఒక్క మాట కబురు పెట్టండి, చదివింది మనిషేనని. మీరు మనిషే కదా?